మౌంట్ ఫ్రీమాంట్ మీద, పొగ కోసం కాచుకున్న గది

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఉన్న మౌంట్ రెయినియర్ నేషనల్ పార్కులో, అడవిలో లేచే పొగను మొదట్లోనే కనిపెట్టడానికి కట్టిన లుకౌట్ గదుల్లో నాలుగు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. ష్రైనర్ పీక్ మీది గదిని 1932లోనూ, టోల్మీ పీక్, గాబ్లర్స్ నాబ్ కొండల మీది గదులను 1933లోనూ, మౌంట్ ఫ్రీమాంట్ మీది గదిని 1934లోనూ కట్టారు. వీటిలో ఏదో ఒకటి చూపించమని మా బాబాయి అడిగినప్పుడు నేను పెద్దగా ఆలోచించవలసిన అవసరం రాలేదు. ష్రైనర్ పీక్‌కు నీడ పలచగా ఉండే దారిలో దాదాపు 3,400 అడుగులు ఎక్కాలి. గాబ్లర్స్ నాబ్‌కు తీసుకువెళ్లే వెస్ట్‌సైడ్ రోడ్డు మీద కార్లను కొంత దూరం వరకే వెళ్లనిస్తారు కాబట్టి నడక చాలా పొడవవుతుంది. టోల్మీ వైపు దారితీసే కార్బన్ నది మీది ఫెయిర్‌ఫాక్స్ వంతెనను, పాతబడి బలహీనపడిందన్న కారణంతో, 2025 ఏప్రిల్‌లో శాశ్వతంగా మూసేశారు. ఇక మిగిలింది ఫ్రీమాంట్. అరవై దాటిన మనిషితో ఒక్క పగటిలో వెళ్లి రావడానికి నిజానికి అన్నిటికన్నా అనువైనది కూడా అదే: కారు వెళ్లే సన్‌రైజ్ అనే చోటి నుంచి రానూపోనూ 5.6 మైళ్లు, ఎక్కవలసింది సుమారు 900 అడుగులు.

బాబాయి అంటే మా నాన్నగారి తమ్ముడు. అటవీ శాఖలో ఉద్యోగమంతా నల్లమలలోనే చేసి, సెక్షన్ ఆఫీసరుగా పదవీ విరమణ చేశారు. వేసవికి పిల్లల దగ్గరికి వచ్చే పెద్దవాళ్లను మేమందరం తిప్పే చోట్లు, అంటే సియాటిల్‌లో సూది మొన లాంటి ఆ గోపురమూ, విమానాల మ్యూజియమూ, స్నోక్వాల్మీ జలపాతమూ, ఆయనకు రెండు వారాల్లో విసుగు పుట్టించాయి. ఇక్కడి అడవులకు నిప్పంటుకుంటే ఎవరు చూస్తారు, ఎలా చూస్తారు అన్నదే ఆయన పదే పదే అడిగిన ప్రశ్న. ఏడాదిలో నాలుగు నెలలు మంటల వెంట పరుగెత్తిన ఉద్యోగం కాబట్టి ఆ కుతూహలం సహజమే.

ఆగస్టు చివరి రోజుల్లో, వారం మధ్యలో, తెల్లవారకముందే బయలుదేరాము. శనాదివారాల్లో సన్‌రైజ్ పార్కింగు పొద్దెక్కకముందే నిండిపోతుంది. గేటు దగ్గరి కార్ల వరుసలో గంటకు పైగా నిలబడిన వాళ్లను నేనెరుగుదును. ఎనమ్‌క్లా ఊరు దాటి 410 రహదారి మీద వెళ్లి, వైట్ రివర్ ప్రవేశద్వారం నుంచి మలుపులు తిరుగుతూ పైకి ఎక్కితే, 6,400 అడుగుల ఎత్తున సన్‌రైజ్ వస్తుంది. పార్కులో కారు చేరగలిగిన అతి ఎత్తైన చోటు అదే. మంచు కరిగాక, జూన్ ఆఖరులోనో జూలై మొదట్లోనో ఆ రోడ్డు తెరుస్తారు. శరత్కాలపు మంచు మొదలు కాగానే మూసేస్తారు. తూర్పు కనుమల్లోని ఏ శిఖరమూ ఆరు వేల అడుగులు ఉండదని, అందువల్ల కారు దిగిన క్షణంలోనే ఆయన ఉద్యోగంలో ఎక్కిన కొండలన్నిటికన్నా ఎత్తులో ఉన్నారని చెబితే, బాబాయి బూట్ల తాళ్లు బిగించుకుంటూ, "అయితే దిగేటప్పుడే కష్టమన్నమాట" అన్నారు.

దారి మొదట ఉత్తరంగా సోర్‌డో రిడ్జ్ అనే గట్టు మీదికి ఎక్కుతుంది. గాలి పలచన కాబట్టి ఈ కాస్త దూరమే పెద్దవాళ్లకు ఆయాసం తెప్పిస్తుంది. ఎక్కిన తరువాత ఎడమకు తిరిగి గట్టు వెంట పడమరగా నడుస్తుంటే, ఎడమచేతి వైపు ఆకాశంలో సగం రెయినియర్ పర్వతమే ఉంటుంది. 14,410 అడుగుల అగ్నిపర్వతం. దాని ఈ ముఖం మీది ఎమన్స్ హిమానీనదం, అలాస్కాను మినహాయిస్తే, అమెరికా మొత్తంలో విస్తీర్ణంలో అతి పెద్దది. నడిచే వాళ్లందరూ అటే చూస్తారు, పది అడుగులకొకసారి ఆగి ఫోటోలు తీసుకుంటారు. నేనూ ఇదివరకు వచ్చిన ప్రతిసారీ అదే చేశాను. బాబాయి మాత్రం గట్టుకు రెండో వైపు, ఉత్తరాన హకిల్‌బెర్రీ వాగు లోయలోకి తొంగిచూస్తూ నడిచారు. అటువైపు చూడటానికి ఏముంది, చెట్లు తప్ప? ఒకదాని వెనక ఒకటిగా, దూరం పోయేకొద్దీ నీలి రంగులోకి మారే, ఫర్, హెమ్లాక్ చెట్లు కప్పిన గట్లు మాత్రమే. ఆ రోజంతా ఆయన వెనక నడిచి నేను తెలుసుకున్నదల్లా ఈ ఒక్క సంగతే: లుకౌట్ కట్టింది ఆ చెట్లను చూడటానికి, పర్వతాన్ని చూడటానికి కాదు.

గట్టు మీద అక్కడక్కడా గాలికి మెలితిరిగిన వైట్‌బార్క్ పైన్ చెట్లు కనిపిస్తాయి. వాటిలో చాలావాటి కొమ్మలు ఎండిపోయి బూడిద రంగుకు తిరిగి ఉన్నాయి. బయటి నుంచి వచ్చిన ఒక శిలీంధ్ర వ్యాధి, బెరడు తొలిచే పురుగు కలిసి ఈ జాతిని దెబ్బతీయడంతో, 2022 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం దీన్ని ముప్పులో ఉన్న జాతుల జాబితాలో చేర్చింది. క్లార్క్స్ నట్‌క్రాకర్ అనే బూడిద రంగు పక్షి గింజలను నేలలో దాచి, కొన్నిటిని మరిచిపోతే, అవి మొలకెత్తి కొత్త చెట్లవుతాయి. ఈ చెట్టు వ్యాప్తికి ముఖ్యమైన దారి అదే. ఆ పక్షి మా పులిహోర డబ్బా చుట్టూ తిరిగింది కానీ, ఇక్కడ అడవి జంతువులకు ఏదీ పెట్టకూడదన్న నియమం నాకన్నా గట్టిగా బాబాయి పాటించారు.

రాళ్లు జారే వాలు మీద, కింద పేర్చిన రాతి గోడ ఆధారంగా సాగే దారి దాటాక ఫ్రోజెన్ లేక్ వస్తుంది. సన్‌రైజ్‌కు తాగునీరు ఈ చెరువు నుంచే వెళుతుంది కాబట్టి చుట్టూ కంచె వేసి ఎవరినీ దగ్గరికి రానివ్వరు. మన నీళ్లు మనమే మోసుకు రావాలి; దారిలో ఎక్కడా దొరకవు. చెరువు దగ్గర అయిదు దారులు కలుస్తాయి. ఎక్కువ మంది బరోస్ పర్వతం వైపు, అంటే రెయినియర్‌కు ఇంకా దగ్గరగా తీసుకువెళ్లే దారి పడతారు. ఫ్రీమాంట్ దారి ఉత్తరానికి తిరుగుతుంది. ఇక్కడి నుంచి లుకౌట్ వరకు 1.3 మైళ్లూ పర్వతం మన వీపు వెనకే ఉంటుంది.

ఈ భాగంలో చెట్లు ఉండవు. ఎడమవైపు బర్కిలీ పార్క్ అనే పచ్చిక లోయ, కాళ్ల కింద పలకలు పలకలుగా విరిగిన రాళ్లు. పైవాలులో తెల్లని కొండమేకలు కొన్ని పడుకుని ఉన్నాయి. ఉడుత జాతికి చెందిన మార్మోట్ ఒకటి రాతి మీద నిలబడి ఈల వేసింది. ఎవరైనా జారితే కాలు మడతపడే దారే తప్ప భయపడవలసిన దారి కాదు. చేతికర్ర ఉంటే పెద్దవాళ్లకు హాయి.

లుకౌట్ 7,181 అడుగుల దగ్గర ఉంది. ఫ్రీమాంట్ శిఖరం దానికన్నా వంద అడుగులకు పైగా ఎత్తైనది. గదిని మాత్రం శిఖరం మీద కాక, గట్టు ఉత్తరపు కొసకు తెచ్చి కట్టారు. ఎత్తు కావాలనుకున్న వాడు అలా కట్టడు. ఇక్కడ నిలబడితే గ్రాండ్ పార్క్ అనే చదునైన పచ్చిక పీఠభూమి, దానికి ఇరువైపులా దిగిపోయే వాగుల లోయలు, వాటికి ఆవల పార్కు సరిహద్దు దాటి పరుచుకున్న అడవి, అన్నీ అడ్డు లేకుండా కనిపిస్తాయి. శిఖరం మీద కడితే ఈ కొసే ఆ లోయల్లో కొంత భాగాన్ని మరుగుపరిచి ఉండేదేమోనని బాబాయి ఊహించారు. అక్కడక్కడా తిరిగి, వంగి చూసి, "మంచె వేసేవాడు చేను చూసి వేస్తాడమ్మా, దిబ్బ చూసి కాదు" అన్నారు.

గది రెండంతస్తులది, కొయ్యతో కట్టినది, సుమారు 14 అడుగుల చదరం. కింది అంతస్తు సామాన్లకు; పై అంతస్తులోనే కాపలా, వంట, పడక. నాలుగు వైపులా కిటికీలు, చుట్టూ నడవడానికి చెక్క వరండా. పార్కులోని నాలుగు గదులూ ఇంచుమించు ఒకే నమూనాలో ఉంటాయి. ఇవి కట్టిన కాలం ఆర్థిక మాంద్యపు కాలం. 1933లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ నిరుద్యోగ యువకుల కోసం సివిలియన్ కన్జర్వేషన్ కోర్ అనే పథకం పెట్టి, నెలకు 30 డాలర్ల జీతంలో 25 డాలర్లు నేరుగా వాళ్ల ఇళ్లకు పంపే ఏర్పాటు చేశారు. ఈ పార్కులోనూ వాళ్ల శిబిరాలు వెలిశాయి. కాలిబాటలు, టెలిఫోను తీగలు, అగ్నిమాపక పనులు చాలావరకు ఆ కుర్రవాళ్ల చేతుల మీదుగానే జరిగాయి.

లుకౌట్ల మీద అంత ఖర్చు ఎందుకు పెట్టారో తెలియాలంటే 1910కి వెళ్లాలి. ఆ ఏడాది ఆగస్టు 20, 21 తేదీల్లో పెనుగాలికి ఐడహో, మోంటానా అడవుల్లో చిన్న చిన్న మంటలన్నీ కలిసిపోయి, సుమారు 30 లక్షల ఎకరాలు కాలిపోయాయి. 85 మంది దాకా చనిపోయారు, వారిలో అధికులు మంటలార్పడానికి వెళ్లినవారే. అప్పటికి అయిదేళ్ల వయసున్న ఫారెస్ట్ సర్వీస్ అనే అమెరికా ప్రభుత్వ అటవీ సంస్థ, ఆ దెబ్బతో, ఏ మంటనైనా చిన్నగా ఉన్నప్పుడే పట్టుకోవాలన్న సిద్ధాంతానికి కట్టుబడింది. 1935 నాటికి, మంట కనబడిన మర్నాడు ఉదయం పది గంటల లోపు దాన్ని అదుపులోకి తేవాలన్న నియమం కూడా పెట్టుకుంది. అలా అయితే ప్రతి లోయనూ ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి. ఒక్క వాషింగ్టన్ రాష్ట్రంలోనే ఆరు వందలకు పైగా లుకౌట్లు ఉండేవి. ఇప్పుడు నిలిచినవి వందకు లోపే.

గది తలుపుకు తాళం వేసి ఉంది. అద్దాల్లో మా ముఖాలూ ఆకాశమూ తప్ప లోపలి వస్తువులు సరిగా కనిపించలేదు. వరండాలో కూర్చుని పులిహోర తింటూ, ఇలాంటి గదుల్లో పని ఎలా సాగేదో నేను చదివినంత మేరకు చెప్పాను. గది నడిమధ్య ఆస్‌బోర్న్ ఫైర్ ఫైండర్ అనే పరికరం ఉండేది. విలియం ఆస్‌బోర్న్ అనే ఫారెస్ట్ సర్వీస్ ఉద్యోగి దాన్ని రూపొందించాడు. గుండ్రటి బల్ల మీద ఆ ప్రాంతపు పటం, సరిగ్గా లుకౌట్ ఉన్న బిందువే కేంద్రంగా. దాని చుట్టూ డిగ్రీలు చెక్కిన లోహపు వలయం, వలయానికి ఒకవైపు చిన్న కంత, ఎదురువైపు నిలువుగా బిగించిన గుర్రపు వెంట్రుక. పొగ కనిపించగానే వలయం తిప్పి, కంతలోంచి చూస్తూ వెంట్రుకను పొగ మొదలు మీదికి తెచ్చి, డిగ్రీ చదివి టెలిఫోనులో చెప్పాలి.

"దిక్కు తెలుస్తుంది సరే, దూరమెట్లా తెలుస్తుంది?" అని బాబాయి వెంటనే అడిగారు. అది సరైన ప్రశ్న. మరో కొండ మీది లుకౌట్ కూడా అదే పొగకు తన దిక్కు చెబితే, ఆఫీసులోని పటం మీద రెండు గీతలు ఖండించుకున్న చోటే మంట. రెండో లుకౌట్‌కు ఆ పొగ కనిపించకపోతే, గట్ల పేర్లూ వాగుల మలుపులూ తెలిసిన కాపలాదారు అంచనాయే ఆధారం. ఇందుకోసం 1930లలో లుకౌట్ల నుంచి చుట్టూరా ఉన్న దృశ్యాన్ని, డిగ్రీల గుర్తులతో సహా, ప్రత్యేకమైన కెమెరాతో ఫోటోలు తీయించి పెట్టారు. ఆ కెమెరా కూడా ఆస్‌బోర్న్ తయారుచేసినదే. వాన వెలిశాక లోయల్లోంచి లేచే పొగమంచు పాయను మంటగా పొరపడకుండా ఉండటం కొత్తవాళ్లు నేర్చుకోవలసిన మొదటి పాఠమట. ఉరుములు మెరుపులు వచ్చినప్పుడు, కాళ్లకు గాజు తొడుగులు వేసిన చిన్న పీట మీద ఎక్కి నిలబడి, పిడుగులు ఎక్కడెక్కడ పడుతున్నాయో రాసుకునేవారు. 1913లోనే హాలీ డాగెట్ అనే ఆమె కాలిఫోర్నియాలో క్లామత్ అడవిలోని ఒక లుకౌట్‌లో ఉద్యోగంలో చేరింది. ఫారెస్ట్ సర్వీస్ ఆ పనికి తీసుకున్న తొలి మహిళ ఆమే అంటారు. మన రెండు రాష్ట్రాల్లోనూ ఇప్పుడు ఆడపిల్లలు బీట్ ఆఫీసర్లుగా అడవుల్లో తిరుగుతున్నారని, తన ఉద్యోగపు మొదటి రోజుల్లో అలాంటిది ఊహకు కూడా అందేది కాదని బాబాయి అన్నారు.

తరువాత ఆయన నల్లమల సంగతులు చెప్పారు. అక్కడ మంటల కాలం ఫిబ్రవరి నుంచి జూన్‌లో తొలకరి పడే దాకా. ఆకు రాలి నేలంతా ఎండుటాకులు, నడుమెత్తు ఎండు గడ్డి. ఇక్కడ పిడుగులు కూడా మంటలు పెడితే, అక్కడ దాదాపు అన్నీ మనుషులు పెట్టేవే: ఇప్పపూలు ఏరడానికి చెట్టు కింద శుభ్రం చేసేవాళ్లు, తునికాకు చిగురు బాగా వస్తుందని అంటించేవాళ్లు, దారిన పోతూ బీడీ పారేసేవాళ్లు. మంట నేల మీద పాకుతుంది. నల్లమద్ది, ఏపి వంటి చెట్లు మొదట్లో కమిలినా చాలావరకు నిలబడతాయి. ఇక్కడి ఫర్ చెట్లకు అంటుకుంటే మంట తలల మీదుగా పోతుందని విని ఆయన చాలాసేపు ఆ చెట్లనే చూశారు. ఎండలు ముదరకముందే మంట దాటకుండా ఫైర్ లైన్లు అనే ఖాళీ పట్టీలు గీసి చెత్త తగలబెట్టడం, సీజనుకు వాచర్లను పెట్టుకోవడం, పచ్చి కొమ్మలతో మంటను బాదడం, ఈమధ్య వచ్చిన బ్లోయర్లతో ఆకులను ఊదేయడం, ఇవీ అక్కడి పద్ధతులు. వాచర్లలో చెంచులు చాలామంది ఉండేవారని, వాచ్ టవర్ మీదినుంచి తనకు పొగ కనిపించకముందే వాళ్లు ఏ వాగు పక్కన కాలుతోందో చెప్పేవారని అన్నారు.

ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా 2004 నుంచి ఉపగ్రహాల సాయంతో మంటల సమాచారాన్ని రాష్ట్రాలకు పంపుతోంది. తరువాతి రోజుల్లో అది నేరుగా కిందిస్థాయి ఉద్యోగుల ఫోన్లకే రావడం మొదలైంది. అక్షాంశ రేఖాంశాలతో సహా వచ్చే ఆ సందేశాన్ని బాబాయి మెచ్చుకుంటారు. కానీ ఉపగ్రహం రోజుకు కొన్నిసార్లే ఆ ప్రాంతం మీదుగా పోతుంది కనుక, సందేశం చూసి అడవిలో ఆ కంపార్ట్‌మెంట్, అంటే ఆ విభాగం, వెతుక్కుని నడిచి చేరేసరికి గడ్డి ఎప్పుడో కాలి చల్లారిపోయిన సందర్భాలూ ఉన్నాయన్నారు. ఇక్కడ కూడా రెండో ప్రపంచ యుద్ధం తరువాత విమానాలు లుకౌట్ల పనిని క్రమంగా తీసుకున్నాయి, ఆ తరువాత ఉపగ్రహాలు. 2023 నుంచి వాషింగ్టన్ రాష్ట్ర సహజ వనరుల శాఖ ఎత్తైన చోట్ల కెమెరాలు పెట్టి, పొగను కృత్రిమ మేధతో గుర్తించే ఏర్పాటు చేసుకుంది. అంటే పొగ కోసం కొండ మీద కాపలా ఉండే పద్ధతి, మనిషి లేకుండా, మళ్లీ వచ్చిందన్నమాట.

చిన్న మంటలన్నిటినీ ఆర్పేయడమే మంచిదా అన్న ప్రశ్నకు మా ఇద్దరికీ ఒకే జవాబు రాలేదు. తూర్పు వాషింగ్టన్ పొడి పైన్ అడవుల్లో దశాబ్దాల పాటు ప్రతి మంటనూ ఆర్పడం వల్ల కింద చెత్త పేరుకుని, ఇప్పుడు అంటుకుంటే ఆపలేని స్థితి వచ్చిందని నేనన్నాను. అయితే కాస్కేడ్ పర్వతాల పడమటి వాలులోని తడి అడవుల్లో సహజంగానే రెండు మంటల నడుమ వందల ఏళ్లు గడుస్తాయి. అక్కడికి ఆ లెక్క వర్తించదు. బాబాయి మాత్రం, తన బీట్‌లో మొదలైన మంటను కాలనిచ్చే ఉద్యోగిని తాను ఇంతవరకు చూడలేదని, రేపు నోటీసుకు జవాబు రాయవలసింది వాడేనని అన్నారు. ఉద్యోగి వైపు నుంచి చూస్తే ఆయన మాట కాదనలేను.

తిరిగి వచ్చేటప్పుడు పర్వతం ఎదురుగా ఉంటుంది. తూర్పున క్రిస్టల్ మౌంటెన్ ఉన్న దిక్కు చూపించి, 2017 ఆగస్టులో దాని అవతల పిడుగు వల్ల నార్స్ పీక్ మంట మొదలై 50 వేల ఎకరాలకు పైగా కాల్చిందని, అప్పుడు సియాటిల్ దాకా బూడిద రాలిందని చెప్పాను. ఈ రోజు కూడా ఎక్కడిదో పలచని పొగ మబ్బు దిగంతం మీద ఉండటంతో, బాగా తేటగా ఉన్న రోజున ఈ గట్టు మీదినుంచి కనిపించే ఒలింపిక్ పర్వతాలు మాకు దక్కలేదు.

సన్‌రైజ్ దగ్గర ఫోనుకు సిగ్నల్ రాదు. ఎనమ్‌క్లా చేరి టీ తాగుతున్నప్పుడు బాబాయి తన పాత రేంజ్ వాట్సాప్ గ్రూపుకు ఒక ఫోటో పెట్టారు. నేను తీసిన రెయినియర్ ఫోటోలు అన్ని ఉండగా, ఆయన పంపింది లుకౌట్ వరండాలోంచి ఉత్తరానికి తిప్పి తాను తీసిన, చెట్లు తప్ప ఏమీ లేని ఫోటో. మన దేశంలో అప్పటికింకా తెల్లవారలేదు. అయినా ఎవరో మేలుకొనే ఉన్నట్టున్నారు; రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది: "పొగ ఎక్కడ సార్, కనబడటం లేదు?" బాబాయి కళ్లజోడు సవరించుకుని, లేదని, ఊరికే చూసొచ్చామని టైపు చేశారు.